ఒక్క కాలే నొప్పి అంటుంటే…

శ్రోతలందరికీ నమస్కారం. నిద్రలో లేచి కాళ్లు నొప్పులని ఏడ్చే పిల్లలు చాలా ఇళ్లలో ఉంటారు. పిక్కలు, తొడలు, రెండు కాళ్లూ నొప్పి అంటారు, కాసేపు ఒత్తితే పడుకుంటారు, పొద్దున్నే ఏమీ జరగనట్టు పరుగులు పెడతారు. 3 నుంచి 12 ఏళ్ల వాళ్లలో ఇవి మామూలే, ఎదుగుదల నొప్పులంటాం. కాస్త కాపడం, కాస్త మర్దన చాలు.

నా భయమల్లా ప్రతి నొప్పినీ ఇదే గాటన కట్టేస్తారేమోనని. నొప్పి ఎప్పుడూ ఒకే కాలికి వస్తున్నా, పగలు కూడా ఉంటున్నా, ముఖ్యంగా పిల్లాడు కుంటుతున్నా అది ఎదుగుదల నొప్పి కాదు. చెప్పులు విప్పించి, వెనక నిలబడి నడిపించి చూడండి. ఒక కాలి మీద బరువు మోపీ మోపకుండానే రెండో కాలు వేసేస్తున్నాడా? ఒక పాదం బయటికి తిరిగి ఉందా?

ఇంకో సంగతి. పిల్లాడు మోకాలు చూపిస్తాడు, మోకాలి ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, అసలు జబ్బు తుంటిలో ఉంటుంది. రెండింటికీ వెళ్లే నరాలు కలిసే ఉంటాయి కాబట్టి తుంటి నొప్పి మోకాల్లో తెలుస్తుంది. 4 నుంచి 8 ఏళ్ల వయసులో తొడ ఎముక తలకి రక్తం సరిగా అందని పెర్థెస్ జబ్బు ఇలాగే మొదలవుతుంది. పదేళ్లు దాటిన పిల్లల్లో, అందులోనూ బరువు ఎక్కువున్న వాళ్లలో, ఆ తొడ ఎముక తల, ఎముక పెరిగే చోట ఉండే ఎదుగుదల పొర దగ్గర జారిపోవచ్చు. ఆ అనుమానం వస్తే ఇక నడిపించకండి, ఎత్తుకునో, కుర్చీలోనో ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మోకాలి నొప్పితో వెళ్లినా సరే, తుంటి కూడా చూడమని డాక్టర్ని అడగండి, మొహమాటపడొద్దు.

జ్వరం ఉండి, పిల్లాడు కాలు కింద పెట్టనంటే తెల్లారేదాకా ఆగకండి. కీలులో చీము పడితే కొద్ది రోజుల్లోనే మృదులాస్థిని, అంటే ఎముకల చివర ఉండే నున్నటి పొరని తినేస్తుంది. పసిపిల్లల్లో జ్వరం లేకుండానే ఇది రావచ్చు, డైపర్ మార్చేటప్పుడు గుక్కపట్టి ఏడవడం, ఒక కాలు అసలు కదపకపోవడం గమనించాలి.

పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి, మధ్యాహ్నానికి సర్దుకుంటున్నాయా? మోకాలు వాచినా పెద్దగా నొప్పి అనట్లేదా? కీళ్లవాతం పిల్లలకీ వస్తుంది, 16 ఏళ్ల లోపు ఆరు వారాలకి మించి వాపు ఉంటే దాని గురించే ఆలోచిస్తారు. ఇందులో కళ్ల లోపల కూడా వాపు రావచ్చు, కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు, అందుకే కంటి డాక్టరు చూడటం తప్పనిసరి.

అయిదేళ్ల లోపు వాళ్లని ఒక్క చెయ్యి పట్టుకుని పైకి లాగకండి, మోచేతి దగ్గర ఎముక పక్కకి జారుతుంది. పిల్లాడు చెయ్యి వేలాడేసుకుని కదపడు. మీరు సరిచేయబోకండి, డాక్టరు క్షణాల్లో సర్దేస్తారు.

రెండేళ్ల లోపు దొడ్డికాళ్లకీ, చిన్నప్పటి చదును పాదాలకీ టెన్షన్ పడక్కర్లేదు, చాలావరకు అవే సర్దుకుంటాయి. ఒక కాలే వంగుతుంటే మాత్రం చూపించండి. వెళ్లేముందు పిల్లాడు ఇంట్లో నడిచే తీరు ఫోన్లో వీడియో తీసుకోండి, ఎందుకంటే డాక్టరు ముందు చాలామంది పిల్లలు చక్కగా నడిచేస్తారు.