వాన కోసం పది నెలలు: ఎర్ర గొంగళి పురుగు జీవితం

సభకు నమస్కారం. రైతు సోదరులకు, అక్కలకు, డిగ్రీ చదువుతున్న పిల్లలకు నా కృతజ్ఞతలు.

కీటకాల లార్వాల గురించి, అంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగుల గురించి మాట్లాడమన్నారు. లక్షల జాతులున్నాయి, అన్నిటినీ పైపైన ముట్టుకుంటూ పోతే ఇంటికి వెళ్లేసరికి ఏమీ గుర్తుండదు. అందుకే వేరుశనగ వేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన ఒకే పురుగును తీసుకుంటాను. ఎర్ర గొంగళి పురుగు. కొన్ని చోట్ల బొంత పురుగు అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఆమ్‌సాక్టా ఆల్బిస్ట్రైగా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురం ఎర్ర నేలల్లో ఇది ఎలా బతుకుతుందో చూస్తే, లార్వా అనే దశ ఎందుకు ఉందో అర్థమవుతుంది.

ఈ పురుగు చేలో మన కంటికి కనిపించేది నలభై, యాభై రోజులు. మిగతా కాలమంతా ఎక్కడుంటుంది? మన కాళ్ల కిందే. గట్ల వెంట, చెట్ల నీడన, 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో, తను కట్టుకున్న మట్టి గదిలో ప్యూపాగా, అంటే గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశలో పడి ఉంటుంది. దాదాపు పది నెలలు తిండి లేదు, కదలిక లేదు. ఏప్రిల్, మే ఎండలు నేలను కాల్చేస్తున్నా అది బయటికి రాదు. వస్తే తినడానికి పచ్చని ఆకు ఉండదు కదా. తొలకరిలో ఒక గట్టి వాన పడి నేల బాగా తడిసిందా, రెండు మూడు రోజుల్లో సాయంత్రం పూట రెక్కల పురుగులు గుంపులుగా లేస్తాయి. తెల్లని రెక్కలు, వాటి మీద గోధుమ రంగు చారలు, ముందు అంచున పసుపు గీత. వీధి దీపాల చుట్టూ మీరు చూసే ఉంటారు.

ఒక్కో తల్లి పురుగు ఆకు అడుగున 600, 700 గుడ్లు కుప్పగా పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మొదటి కొన్ని రోజులు అవన్నీ ఒకే చోట గుంపుగా ఉండి, లేత ఆకు అడుగున పచ్చదనం గోకి తింటాయి. పైపొర మాత్రం అలాగే మిగులుతుంది. ఈ కొన్ని రోజుల్ని దయచేసి గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

లార్వా అంటే తయారవుతూ ఆగిపోయిన పురుగు కాదు. జీవితంలో తినే పని మొత్తం తన మీద వేసుకున్న దశ. రెక్కల పురుగు పని జత కట్టడం, గుడ్లు పెట్టడం. దానికి కావలసిన సరుకంతా లార్వా కూడబెట్టాలి. పట్టు పురుగుల పెంపకం చేసేవాళ్లు ఇక్కడున్నారు, మీకు బాగా తెలుసు. పాతిక రోజుల్లో పట్టు పురుగు బరువు దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. అయితే కీటకం చర్మం గట్టిది, సాగదు. పెరగాలంటే పాత చర్మం విడవాలి. అదే కుబుసం. మీరు జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు మేత ముట్టదు, కదపకూడదని మీరు ఎంత జాగ్రత్త పడతారో! చేలో ఉన్న గొంగళి పురుగుకు ఆ కాపలా ఎవరు కాస్తారు? కొత్త చర్మం గట్టిపడే దాకా అది మెత్తగా, పారిపోలేక ఉంటుంది. శత్రువులకు అంతకంటే మంచి అదను దొరకదు.

ఎప్పుడు కుబుసం విడవాలి, ఎప్పుడు ప్యూపా కావాలి అన్నది ఎవరు చెబుతున్నారు? దీన్ని మొదట తేల్చినవాడు పోలండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్. జిప్సీ మాత్ అనే చిమ్మట గొంగళి పురుగుల నడుముకు దారం బిగించి కట్టాడు. కొంచెం ముందుగా కడితే తల ఉన్న సగం మాత్రమే ప్యూపా అయింది, వెనక సగం గొంగళి పురుగుగానే ఉండిపోయింది. ఒక దశ దాటాక కడితే రెండు సగాలూ ప్యూపా అయ్యాయి. అంటే తలలోని మెదడు నుంచి ఏదో పదార్థం రక్తంలోకి వస్తోందని 1917లోనే రాశాడు. ఎంత చిన్న దారం, ఎంత పెద్ద సంగతి! అంత గొప్పవాణ్ని 1941లో నాజీలు కాల్చి చంపారు. పిల్లలు ఆయన పేరు గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

ఇలాంటి పదార్థాన్నే హార్మోన్ అంటారు. తర్వాత విగిల్స్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఇంగ్లాండులో మరో హార్మోన్ ఉందని చూపించాడు. అది రక్తంలో ఉన్నంతకాలం లార్వా కుబుసం విడిచినా మళ్లీ లార్వాయే అవుతుంది. తగ్గినప్పుడే ప్యూపా. కుబుసాన్ని నడిపే హార్మోన్ ఎక్డైసోన్‌ను 1954లో జర్మనీలో బూటెనాంట్, కార్ల్‌సన్ వేరుచేశారు. 500 కిలోల పట్టు పురుగు ప్యూపాల నుంచి వాళ్లకు దక్కింది 25 మిల్లీగ్రాములు. మన గొంగళి పురుగు మట్టిలో పది నెలలు ఆగడం కూడా ఈ హార్మోన్ల లెక్కే. మెదడు ఆజ్ఞ ఆగితే ఎదుగుదల ఆగుతుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. తల్లి 600 గుడ్లు పెట్టింది. వచ్చే ఏడు వీటి సంఖ్య పెరగకుండా, తరగకుండా ఉండాలంటే ఆ 600లో సగటున రెండే బతికి రెక్కల పురుగులు కావాలి. మిగతా 598 పోవాలి. మందు డబ్బాలు రాక ముందు కూడా పోతూనే ఉన్నాయి. ఎవరు తింటున్నారు?

ఒంటి నిండా ఉన్న ఎర్రటి వెంట్రుకలు చాలా పక్షుల్ని దగ్గరికి రానివ్వవు. చాతక పక్షికి మాత్రం అవి అడ్డు కాదు. వానాకాలంలో గట్టిగా అరుస్తూ తిరిగే ఈ నలుపు తెలుపు పక్షి వెంట్రుకల పురుగును ముక్కుతో ఒక కొన నుంచి మరో కొన దాకా నొక్కి, లోపలి పేగును బయటికి తీసేసి మింగుతుంది. వాన చినుకు కోసం ఎదురుచూస్తుందని కవులు చెప్పిన పక్షి, అదే వానకు లేచే పురుగు, రెండూ ఒకే చేలో కలుస్తున్నాయి. నాకు ఈ విషయం ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఇక వైరస్. ఎన్‌పీవీ అనే ఈ వైరస్ సోకిన లార్వా మొక్క చివరికి ఎక్కి, తలకిందులుగా వేలాడి చస్తుంది. ఒళ్లు కరిగి కిందకి కారుతుంది, కింది ఆకులు తిన్నవాటికి జబ్బు అంటుకుంటుంది. సన్న కందిరీగలు ఉన్నాయి. ఇవి లార్వా లోపల గుడ్లు పెడతాయి. గొంగళి పురుగు ఒంటి మీద తెల్లగా బియ్యపు గింజల్లా అతుక్కుని కనిపించేవి దాని గుడ్లు కావు, దాన్ని తినేసి బయటికొచ్చిన కందిరీగల గూళ్లు. అలాంటిది కనబడితే నలపకండి, వదిలేయండి. కంగారుపడి మొదటి వారంలోనే చేనంతా మందు కొడితే ముందు పోయేది ఈ కందిరీగలే. పెద్దదైన గొంగళి పురుగు మందుకు అంత సులువుగా లొంగదు. టెన్షన్, ఖర్చు రెండూ మనకే మిగులుతాయి.

అందుకే ఆ కొన్ని రోజులు గుర్తు పెట్టుకోమన్నాను. గుడ్ల కుప్ప, గుంపుగా ఉన్న పిల్లలు ఒకే ఆకు మీద ఉంటాయి. ఆ ఆకు తుంచి పారేస్తే వందల పురుగులు పోయినట్టే. వేరుశనగలో అలసంద సాళ్లు వేసుకుంటే గుడ్లు అక్కడే ఎక్కువగా కనిపిస్తాయి, వెతకడం తేలిక. ఆ అదను తప్పితే అవి చెదిరిపోతాయి. ఈనెలు తప్ప ఆకు మిగల్చవు, ఒక చేను అయిపోగానే బారులు తీరి పక్క చేలోకి నడుస్తాయి. అప్పుడు గట్టు వెంట 30 సెంటీమీటర్ల లోతు, 25 వెడల్పుతో నిటారుగా అంచులున్న కందకం తవ్వాలి. అడవి ఆముదం కొమ్మలు దారిలో వేస్తే వాటి కిందకి చేరతాయి, ఏరేయొచ్చు. వేసవి దుక్కిలో ప్యూపాలు పైకి తేలితే కాకులు, గోరింకలు చూసుకుంటాయి.

ఇవేవీ ఒక్క రైతు చేస్తే సరిపోవు. పక్క చేలో లేచిన రెక్కల పురుగు మీ చేలో గుడ్లు పెడుతుంది. తొలకరి వాన పడ్డ రెండో రోజు నుంచి వరసగా కొన్ని సాయంత్రాలు ఊరంతా గట్ల మీద మంటలు వేయాలి, దీపపు ఎరలు పెట్టాలి. ఏ వైపు పొలాలు ఎవరు చూసుకుంటారో, అలసంద విత్తనం ఎవరి దగ్గరుందో ఇప్పుడే కూర్చుని రాసుకుందాం. కాగితం, పెన్ను నేను తెచ్చాను.