నాన్నగారి మారుతి 800, అట్టముక్క మీద నల్లమరక

నమస్కారం. వరంగల్‌లో ఉన్న మా మేనత్త ప్రతి ఆదివారం ఫోనులో అడిగే ప్రశ్న ఒకటే: "మా అన్నయ్య కారు ఇంకా నడుస్తోందిరా?" ఈ వీడియో ఆమె కోసమే తీశాను. టెక్సాస్ కిరాణా దుకాణాల వీడియోలకు వచ్చినన్ని వ్యూస్ ఒక పాత ఇంజన్‌కు రావని నాకు తెలుసు. అయినా ఈసారి సెలవులో నేను చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఇదొక్కటే.

వనస్థలిపురంలోని మా ఇంటి పోర్టికోలో మీరు చూస్తున్నది 2001లో కొన్న మారుతి 800. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. నంబరు పలక మీద ఇంకా ఏపీ అనే ఉంది. 1983 చివరలో రోడ్డెక్కిన ఈ మోడల్ తయారీ 2014లో ఆగిపోయింది. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక నాన్నగారు ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకుంటూ దీన్ని నడుపుతున్నారు. నేను ఇల్లు చేరిన తెల్లవారుజామున, సూట్‌కేసులు ఇంకా గుమ్మం దాటకముందే, కారు కింద పరిచిన టీవీ డబ్బా అట్ట, దాని నడుమ అరచేయంత నల్లమరక కనిపించాయి. అడిగితే, రెండేళ్ళుగా కారుతోందనీ, పదిహేను రోజులకొకసారి కాస్త ఆయిల్ పోసుకుంటున్నాననీ, అదేమంత చెప్పుకోవలసిన విషయమనీ అన్నారు. ఈ రెండేళ్ళూ మేము వారానికి మూడుసార్లు వీడియో కాల్‌లో మాట్లాడుకున్నాము. ఆ ఫోను ఒక్కసారైనా పోర్టికో వైపు తిరగలేదు.

వీధి చివర షెడ్డులోని ఉస్తాద్ వచ్చి, వంగి, గేరుబాక్సు ఇంజన్‌కు కలిసే చోట వేలాడుతున్న చుక్కను వేలితో తుడిచి, "వెనక సీలు పోయింది సార్, గేరుబాక్సు దించాలె, ఆరున్నర వేలైతది" అన్నాడు. చుక్క ఉన్నది నిజంగా అక్కడే కనుక అతనిది పూర్తిగా తప్పుమాట అనలేము. క్రాంక్ అనే ఇంజన్ ఇరుసు గేరుబాక్సు వైపు బయటికి వచ్చే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు చుట్టే ఆ సీలు. కానీ నాకు, నేనుండే టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తగిలిన దెబ్బ గుర్తుకొచ్చి, రెండు రోజులు గడువు అడిగాను.

ఆ దెబ్బ ఏమిటో చెప్పాలి. అక్కడ మెకానిక్ షెడ్డులో పనికి కాదు, గంటకు లెక్క కడతారు. నిరుడు నా పాత కరోలాకు ఇలాగే ఆయిల్ కారితే, ఎక్కడి నుంచి వస్తోందో చూసి చెప్పడానికే 150 డాలర్లు తీసుకున్నారు. అప్పటి లెక్కన డాలరుకు 85 చొప్పున 12,750 రూపాయలు. బాగుచేయడానికి మరో 460 డాలర్లు, అంటే 39,100 రూపాయలు అడిగారు. పోనీ సొంతంగా చేసుకుందామంటే, మా అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందంలో పార్కింగ్ స్థలంలో బండి రిపేరు చేయకూడదని ఒక షరతు ఉంది. కాబట్టి తెలుగు మిత్రుడి ఇంటి గ్యారేజీలో రెండు శనివారాలు కూర్చుని, 35 డాలర్ల ప్యాకింగ్‌తో, అంటే రెండు ఇనుప భాగాల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే రబ్బరు పట్టీతో, పని ముగించాను. అక్కడ మనిషి చూపుకే అంత వెల కనుక చూడడం నేర్చుకున్నాను. ఇక్కడ ఉస్తాద్ చూసినందుకు ఒక కప్పు టీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు, అందుకే కాబోలు రెండోసారి చూడలేదు.

ఆయిల్ లీకులో మొదట గుర్తుంచుకోవలసింది, చుక్క పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు అని. ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కనుక తడిసిన భాగాల్లో అన్నిటికంటే పైన ఉన్నదాన్ని వెతకాలి. ఇరవై మూడేళ్ళ మట్టీ ఆయిలూ కలిసి తారులా పేరుకున్న ఇంజన్ మీద అది కనిపించదు కాబట్టి ముందు కడగాలి. ఇంజన్ చల్లారాక వైర్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టి, పాత పళ్ళ బ్రష్షుతో డీజిల్ రాసి, కాటన్ వేస్టుతో తుడిచాము. ఒక పూట పట్టింది. ఆ తరువాత నాన్నగారు ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, ఆరిన ఇంజన్ వెనక భాగమంతా పలచగా చల్లాను. "బండికి పెళ్ళిచూపులా?" అని ఆయన నవ్వారు. ఇద్దరమూ విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటి వెళ్ళి వచ్చాము.

తిరిగి వచ్చాక ఫోను టార్చి వేసి చూస్తే, తెల్లటి పౌడరు మీద టీ రంగు గీత ఒకటి స్పష్టంగా ఉంది. ఇంజన్ పైమూత అయిన ట్యాపెట్ కవరులో గేరుబాక్సు వైపు మూలన మొదలై, దాని కిందనున్న హెడ్డు మీదుగా, ఇంకా కిందనున్న బ్లాకు అంచు పట్టుకుని, సరిగ్గా ఉస్తాద్ వేలు పెట్టిన చోటికే దిగింది. వెనక సీలు పోతే ఆ పైభాగమంతా పొడిగా ఉండాలి. గేరుబాక్సు దించే అవసరం లేదు.

మరునాడు ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి పుత్లీబౌలికి నడిచాను. పాత బండ్ల సామాను దొరకదేమోనన్న భయం అక్కడి రెండో దుకాణంలోనే తీరిపోయింది. పేరు చెప్పగానే పైఅర నుంచి ప్యాకెట్టు తీసి ఇచ్చాడు. ట్యాపెట్ ప్యాకింగ్ 220, బ్రీదర్ పైపు 110, ఫిల్టరు 130, మూడు లీటర్ల ఆయిల్ 1,150: మొత్తం 1,610 రూపాయలు, అంటే 19 డాలర్లు. ఇర్వింగ్‌లో అది ఇద్దరి మధ్యాహ్న భోజనానికి చాలదు.

కవరు విప్పడానికి పది నంబరు పానా చాలు. లోపలి పాత ప్యాకింగ్ రబ్బరులా వంగలేదు. వేడికి గట్టిపడి, జంతిక విరిగినట్లు నాలుగు ముక్కలుగా విరిగింది. అంతకుముందు ఎవరో కవరు చుట్టూ సీలెంట్ దట్టంగా పూసి లీకు ఆపబోయారు. ఆ పూత ముక్కలు ఊడి లోపల పడితే ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడవచ్చు, అప్పుడు ఇంజన్‌కే ముప్పు. అందుకే లోపలి భాగాలను శుభ్రమైన గుడ్డతో కప్పి, అల్యూమినియం మీద గీతలు పడకుండా ప్లాస్టిక్ స్కేలుతో గీకాను. ఎయిర్ ఫిల్టరు వైపు వెళ్ళే బ్రీదర్ పైపు మడ్డితో దాదాపు మూసుకుపోయి ఉంది. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి అదే. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ను తోస్తుంది. ప్యాకింగ్ మాత్రమే మార్చి ఊరుకుంటే కొత్తది కూడా తొందరగానే కారేది.

కొత్త ప్యాకింగ్‌ను గాడిలో కూర్చోబెట్టి, మూలల్లో మాత్రం శనగగింజంత సీలెంట్ పెట్టి, బోల్టులను ఒకదానికొకటి ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాను. నాన్నగారు "ఇంకా గట్టిగా" అంటూనే ఉన్నారు. అతిగా బిగిస్తే రబ్బరు నలిగి, కవరు వంగి, మళ్ళీ అదే చోట కారుతుందని చెప్పడానికి, నేను ఆయనకు కారు గురించి చెప్పడం జీవితంలో ఇదే మొదటిసారి కాబట్టి, కొంచెం మొహమాటపడ్డాను. ఆయన మాత్రం పానా నా చేతిలోనే వదిలేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

అదే ఇరుసుకు అవతలి కొసన, టైమింగ్ బెల్టు వైపున్న క్రాంక్ సీలు దగ్గర కూడా కాస్త చెమ్మ ఉంది. దాన్ని మార్చాలంటే బెల్టు విప్పాలి; బెల్టు మార్చే సమయం ఎలాగూ వస్తుంది కనుక రెండూ అప్పుడే చేయిద్దామని, ఈసారి ఉస్తాద్‌కే చెప్పి వచ్చాను. పాత ఆయిల్ కూడా అతని డ్రమ్ములోనే పోశాము.

ఈ మాటలు ఇర్వింగ్‌లో కూర్చుని రికార్డు చేస్తున్నాను. నిన్న ఆదివారం నాన్నగారు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. కారు కింద కొత్త అట్టముక్క, దాని మీద క్రాంక్ సీలు వైపు ఒకే ఒక్క చుక్క, చుక్క చుట్టూ పెన్సిల్‌తో సున్న, పక్కన తేదీ.