ఉప్పు సరస్సుకు అన్నం పెట్టే సూక్ష్మజీవులు

(దృశ్యం: హైదరాబాదులో ఒక ఇంటి డాబా. ఎండలో పరిచిన గుడ్డ మీద మాగాయ ముక్కలు. పక్కన గిన్నెలో ఊట.)

నమస్కారం. ఎండాకాలంలో మాగాయ పెట్టే ఇళ్లలో, చెక్కు తీసి తరిగిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచుతారు. మూత తీసేసరికి ముక్కలు మెత్తబడి ఉంటాయి, గిన్నె నిండా ఊట ఉంటుంది. ఆ నీటిని ఎవరూ పోయలేదు. ముక్కల్లోని కణాల లోపలి నీటినే ఉప్పు బయటికి లాగింది. జాడీలో చేరిన బూజుకూ బ్యాక్టీరియాకూ కూడా ఇదే జరుగుతుంది కాబట్టి, ఉప్పు సరిపడా పడిన ఊరగాయ ఏడాది నిలుస్తుంది, ఉప్పు తగ్గినది వానాకాలానికే బూజు పడుతుంది.

తరతరాల ఈ వంటింటి అనుభవం వల్ల, ఉప్పు బాగా ఉన్న చోట ఏ జీవీ బతకదని మనం సహజంగా అనుకుంటాం. అయితే లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ దక్షిణ భాగంలో లీటరుకు సాధారణంగా 120 నుంచి 150 గ్రాముల దాకా ఉంటుంది. ఆ నీటిలో చేపలు బతకవు. అయినా ఏటా దాదాపు కోటి పక్షులు ఆ సరస్సు మీద ఆధారపడుతున్నాయి. చేపలే లేని నీటిలో అన్ని పక్షులకు తిండి ఎక్కడి నుంచి వస్తోంది?

(దృశ్యం: సూక్ష్మదర్శిని కింద ఈదుతున్న డునాలియెల్లా కణాలు.)

మొదటి జవాబు ఈ ఆకుపచ్చ కణం. దీని పేరు డునాలియెల్లా. రెండు సన్నని కొరడాల వంటి తోకలతో ఈదే ఏకకణ శైవలం ఇది. 1838లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు మిషెల్ ఫెలిక్స్ డునాల్ దక్షిణ ఫ్రాన్సులోని ఉప్పుమడుల నీటిలో ఈ తెగకే చెందిన ఎర్రని రకం కణాలను గమనించాడు. 1905లో ఆ జీవికి ఆయన పేరే స్థిరపడింది. మామిడి ముక్కకు జరిగింది ఈ కణానికి ఎందుకు జరగదు? ఇది తన లోపల గ్లిజరాల్‌ను, అంటే చలికాలంలో మనం పగిలిన పెదవులకు రాసుకునే గ్లిజరిన్‌నే, పెద్ద మొత్తంలో తయారు చేసుకుంటుంది. బయట ఉప్పు ఎంత పెరిగితే లోపల గ్లిజరాల్ అంత పెరుగుతుంది. లోపలా బయటా సాంద్రత సమానమైనప్పుడు నీటికి బయటికి పోవలసిన అవసరం ఉండదు. పైగా ఈ కణానికి గట్టి గోడ లేదు కనుక, ఉప్పు హఠాత్తుగా మారినా పగిలిపోకుండా కొంత ఉబ్బుతూ కొంత ముడుచుకుంటూ సర్దుకుంటుంది.

రెండో తెగ జీవులు ఇంతకన్నా సాహసమైన దారి పట్టాయి. వాటిని హాలో ఆర్కియా అంటారు. అవి చూడడానికి బ్యాక్టీరియాలాగే ఉన్నా, ఆర్కియా వేరే వంశమని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ చూపించారు. హాలో ఆర్కియా ఉప్పును అడ్డుకోవడానికి ప్రయత్నించవు. పొటాషియం లవణాన్ని కణంలోకి నింపుకుని, ఆ లవణంలోనే పనిచేసేలా తమ ప్రోటీన్లను మలచుకున్నాయి. అందువల్ల వాటికి ఉప్పు కష్టం కాదు, ఆధారం. మంచినీటిలో వేస్తే వాటిలో చాలా రకాలు పగిలి చనిపోతాయి. సరిగా నిల్వ చేయని ఉప్పుచేప మీద ఒక్కోసారి గులాబీ రంగు పొర కడుతుంది. అది ఈ తెగ పనే. తీరప్రాంతపు ఉప్పుమడుల్లో ఉప్పు పంట తేలే ముందు నీరు ఎర్రబారడానికీ ఇవే ప్రధాన కారణం. ఆ ఎరుపు ఎండ వేడిని ఎక్కువగా పట్టి ఉంచుతుంది కనుక నీరు త్వరగా ఆవిరవుతుంది, అంటే ఉప్పు రైతుకు ఈ జీవులు తెలియకుండానే సాయపడుతున్నాయి.

(దృశ్యం: వసంతంలో ఆకుపచ్చగా ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్. తరువాత అదే తీరం, తేటపడిన నీటితో.)

ఇప్పుడు సరస్సులో ఒక ఏడాది ఎలా గడుస్తుందో చూద్దాం, ఎందుకంటే ఆహారజాలాన్ని, అంటే ఎవరిని ఎవరు తింటారో ఆ అల్లికను, కాలంతో కలిపి చూసినప్పుడే అది అర్థమవుతుంది. చలికాలంలో అక్కడి నీరు బాగా చల్లబడుతుంది, తినేవారు ఉండరు కనుక శైవలాలు పెరిగి పెరిగి, చలి చివరికి నీరు పచ్చగా చిక్కబడుతుంది. అప్పుడు ఆర్టీమియా గుడ్లు పొదుగుతాయి. ఆర్టీమియా అంటే సెంటీమీటరు పొడవుండే ఉప్పునీటి రొయ్య. మనం కూర వండుకునే రొయ్యకు ఇది చాలా దూరపు చుట్టం. దీని కాళ్లు ఈదడానికీ, నీటిని వడకట్టడానికీ, ఊపిరి పీల్చుకోవడానికీ మూడింటికీ పనికొస్తాయి. కోట్లాది రొయ్యలు కలిసి ఆ పచ్చదనాన్ని వడకట్టేస్తే, వేసవి మొదలయ్యేసరికి సరస్సు నీరు తేటపడిపోతుంది. ఒక సరస్సు మొత్తం పంట కొన్ని వారాల్లో రొయ్యల శరీరాలుగా మారిపోవడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ రొయ్యల కోసమే శరత్కాలంలో నల్ల మెడ గ్రీబ్ పక్షులు లక్షల సంఖ్యలో దిగుతాయి. ఒక్కో పక్షి రోజుకు వేల కొద్దీ రొయ్యలను తింటుంది. ఇంత చిన్న ప్రాణిని తిని అంత పెద్ద పక్షి బతకాలంటే రొయ్యలు చిక్కగా, ఒకే చోట దొరకాలి; రొయ్యలు చిక్కగా ఉండాలంటే శైవలాలు అంతకన్నా ఎన్నో రెట్లు ఉండాలి. ఆహారపు గొలుసులో ఒక మెట్టు పైకి ఎక్కిన ప్రతిసారీ శక్తిలో ఎక్కువ భాగం ఊపిరిగా, వేడిగా ఖర్చయిపోతుంది కాబట్టి, అడుగున ఉన్న సూక్ష్మజీవుల పంట కొంచెం తగ్గినా పైన పక్షుల మీద పడే దెబ్బ పెద్దది.

చలి మొదలవగానే రొయ్యలు చనిపోతాయి, కానీ చనిపోయే ముందు గట్టి పెంకుతో ఉన్న గుడ్లను వదిలిపెడతాయి. వీటినే సిస్టులు అంటారు. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేని ఆ గుడ్డులోని పిండం ఎండిపోయి, జీవక్రియ ఆగిపోయినట్టుగా ఏళ్ల తరబడి ఉండగలదు. ఉప్పు నీరు తగిలి, కాస్త వెచ్చదనం, వెలుతురు, గాలి దొరికితే ఒక రోజులో పిల్ల బయటికి వస్తుంది.

(దృశ్యం: ఆంధ్ర తీరంలో ఒక రొయ్యల హ్యాచరీ. శంఖం ఆకారపు ట్యాంకులో గాలి బుడగలు, నారింజ రంగు పిల్లలు.)

ఇక్కడ గ్రేట్ సాల్ట్ లేక్‌కూ తెలుగు నేలకూ ఒక నేరు బంధం ఉంది. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న హ్యాచరీల్లో వనామి సీడ్, అంటే చెరువుల్లో పెంచే వనామి రొయ్య పిల్లలను, తయారు చేసేవారికి ఆర్టీమియా డబ్బాలు చిరపరిచితం. రొయ్య పిల్ల తొలి దశలో శైవలాలను తింటుంది, తరువాతి దశలో దానికి కదిలే సజీవమైన మేత కావాలి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లకు సాటి వచ్చే మేత ఇంకా దొరకలేదు. ప్రపంచంలో అమ్ముడయ్యే సిస్టుల్లో పెద్ద భాగం గ్రేట్ సాల్ట్ లేక్ నుంచే వస్తుంది. కాబట్టి హైదరాబాదు మార్కెట్లో మనం తూకం వేయించుకునే వనామి రొయ్య తన పసితనంలో తిన్న తిండి, ఎక్కడో యూటాలో ఒక ఏకకణ శైవలం ఎండను పట్టి కూడబెట్టినది అయ్యే అవకాశం చాలా ఉంది.

(దృశ్యం: సరస్సు అడుగున, మోకాలి లోతు నీటిలో గుండ్రని రాతి దిబ్బలు.)

నీటిలో తేలే శైవలాలు సగం కథ మాత్రమే. వెలుతురు చేరే లోతుల్లో, సరస్సు అడుగున వందల చదరపు కిలోమీటర్ల మేర ఈ దిబ్బలు పరుచుకుని ఉన్నాయి. ఇవి మామూలు రాళ్లు కావు. వీటి పైన ఎండతో తిండి తయారు చేసుకునే సయనోబ్యాక్టీరియా, గాజు పెంకు ఉన్న ఏకకణ శైవలాలైన డయాటమ్‌లు చాపలా అల్లుకుని ఉంటాయి. అవి కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోగానే చుట్టూ నీటి క్షారత పెరిగి, కాల్షియం కార్బనేట్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ విధంగా సూక్ష్మజీవులు తామే కట్టుకున్న సున్నపు దిబ్బలను మైక్రోబియలైట్లు అంటారు. ఇటువంటివి భూమి మీద 350 కోట్ల ఏళ్ల నాటి శిలల్లోనూ కనిపించాయి. మన కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైట్ శిలల్లో, దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవుల చాపలు మిగిల్చిన స్ట్రొమటోలైట్ పొరలు ఉన్నాయి. అక్కడ రాయిగా మిగిలినది యూటాలో ఇంకా బతికి, పక్షులకు తిండి పెడుతోంది.

ఆ తిండి అందించేది ఉప్పునీటి ఈగ. దాని పిల్లపురుగులు దిబ్బల మీది పచ్చని పొరను మేస్తాయి, పురుగు ఈగగా మారే మధ్య దశ అయిన ప్యూపాలు ఆ దిబ్బలకే అంటుకుని పెరుగుతాయి, చివరికి రెక్కల ఈగ గాలి బుడగతో పైకి తేలుతుంది. ఈ ఈగలు మనుషుల జోలికి రావు, ఆహారం మీద వాలవు. తీరం వెంట నల్లని పట్టీలా గుంపులు కట్టిన వీటిని విల్సన్స్ ఫలారోప్ అనే చిన్న పక్షి తిని, తన బరువును దాదాపు రెట్టింపు చేసుకుని, ఆ కొవ్వుతో దక్షిణ అమెరికాకు ఎగిరిపోతుంది. అక్కడ దాని మజిలీల్లో ఒకటైన అర్జెంటీనాలోని మార్ చికీతా కూడా ఉప్పు సరస్సే.

తినబడకుండా మిగిలినదానికి కూడా ఈ సరస్సులో లెక్క ఉంది. గ్రేట్ సాల్ట్ లేక్‌లోకి నదులు వస్తాయి గాని బయటికి పోవు. చచ్చిన రొయ్యలు, పక్షుల రెట్టలు, శైవలాల నుంచి కారిన చక్కెరలు అన్నీ అక్కడే ఉండిపోతాయి. వాటిని బ్యాక్టీరియా, ఆర్కియా తిని, నత్రజనినీ భాస్వరాన్నీ మళ్లీ నీటిలోకి వదులుతాయి. బ్యాక్టీరియాను కొన్ని ఏకకణ జీవులు తింటాయి, వాటినీ రొయ్య వడకడుతుంది. గాలి చేరని అడుగు బురదలో సల్ఫేటును వాడుకుని బతికే బ్యాక్టీరియా ఉంటాయి. సరస్సు ఒడ్డున వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన వాటిదే. ఆ వాసనకు ముక్కు మూసుకునేవారికి నేను చెప్పేది, అది కుళ్లిపోయిన సరస్సు వాసన కాదు, జరుగుతున్న పని వాసన.

(దృశ్యం: ఆకాశం నుంచి గ్రేట్ సాల్ట్ లేక్. మధ్యలో రైలు కట్ట. ఒక వైపు నీలి ఆకుపచ్చ, మరో వైపు గులాబీ.)

ఈ ఫొటోను చాలామంది అందం కోసం పంచుకుంటారు. 1959లో రైలు మార్గం కోసం రాళ్లతో కట్ట వేసి సరస్సును రెండుగా చీల్చారు. నదులన్నీ దక్షిణం వైపే కలుస్తాయి కనుక ఉత్తర భాగం ఆవిరవుతూ, దక్షిణ భాగం కన్నా దాదాపు రెట్టింపు ఉప్పుతో గులాబీ రంగుకు మారింది. అక్కడ హాలో ఆర్కియా హాయిగా ఉంటాయి, కానీ ఆర్టీమియాకూ ఈగకూ ఆ ఉప్పు భరించరానిది. సూక్ష్మజీవులు పుష్కలంగా ఉన్నా వాటిని తినేవారు లేకపోతే ఆహారజాలం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు 2020 జూన్‌లో గులాబీ రంగుకు తిరిగినప్పుడు మన ఫోన్లలో అది వింతగా తిరిగింది. అక్కడా నీరు తగ్గి ఉప్పు పెరగడంతో హాలో ఆర్కియా విజృంభించాయని శాస్త్రవేత్తలు తేల్చారు.

ఉప్పు తగ్గినా చిక్కే. 1980ల మధ్యలో భారీ వానలు, మంచు వల్ల గ్రేట్ సాల్ట్ లేక్ నిండి నీరు పలచబడినప్పుడు, రొయ్యలను వేటాడే నీటి పురుగులు లోపలికి వచ్చి ఆర్టీమియాను తినేశాయి. అంటే రొయ్యను శత్రువుల నుంచి కాపాడేది కూడా ఉప్పే. ఈ సరస్సు మొత్తం బతుకు ఒక ఇరుకైన ఉప్పు హద్దులో నడుస్తోంది.

(దృశ్యం: సాంభర్ సరస్సు, రాజస్థాన్. ఫ్లెమింగోలు తల కిందులుగా వంచి మేస్తున్నాయి.)

మన దేశంలో అతి పెద్ద లోతట్టు ఉప్పు సరస్సు సాంభర్. అక్కడికి వచ్చే చిన్న ఫ్లెమింగో మధ్యలో రొయ్యల అవసరం కూడా లేకుండా, నేరుగా సూక్ష్మజీవులనే తింటుంది. దాని ముక్కులో అతి సన్నని జల్లెడ ఉంది. తల తిప్పి నీటిని పీల్చి వదులుతూ స్పిరులినా వంటి సయనోబ్యాక్టీరియాను వడకడుతుంది. మందుల షాపుల్లో ఆకుపచ్చ మాత్రలుగా అమ్మే స్పిరులినా ఆ తెగదే. పులికాట్‌లోనూ, కొన్ని ఏళ్లలో మన అమీన్‌పూర్ చెరువులోనూ కనిపించే పెద్ద ఫ్లెమింగో ముక్కులోని జల్లెడ కొంచెం పెద్దది, అది చిన్న రొయ్యజాతి ప్రాణులను ఏరుకుంటుంది. రెండింటి గులాబీ రంగూ శైవలాల కెరోటిన్ రంగుల నుంచి వచ్చిందే. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల బూడిద రంగులో ఉంటుంది, తిండితోనే రంగు ఎక్కుతుంది.

ఇదే సాంభర్‌లో 2019 నవంబరులో వేల పక్షులు చనిపోయాయి. క్లాస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా విషమే కారణమని తేలింది. చచ్చిన పక్షిలో అది పెరుగుతుంది, ఆ కళేబరం మీది పురుగులను తిన్న పక్షి చనిపోతుంది. అదే ఆహారజాలం గుండా విషం కూడా ప్రయాణించగలదు.

(దృశ్యం: ఎండిన ఒడ్డు మీద తెల్లబడిన మైక్రోబియలైట్లు.)

2022 నవంబరులో గ్రేట్ సాల్ట్ లేక్ నీటిమట్టం, కొలతలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది. నదుల నీటిలో ఎక్కువ భాగం పొలాలకూ పట్టణాలకూ మళ్లడం, దానికి కరువు తోడవడం కారణాలు. దక్షిణ భాగంలో ఉప్పు 19 శాతం దగ్గరికి, అంటే మామూలుకన్నా చాలా ఎక్కువకు, చేరింది. ఈగలు బాగా తగ్గిపోయాయి. ఒడ్డున బయటపడిన దిబ్బలు పచ్చని పొర ఎండిపోయి తెల్లగా మారాయి. ఉత్తరపు ఉప్పు దక్షిణానికి చేరకుండా, రైలు కట్టలోని గండి దగ్గర ఉన్న అడ్డుకట్ట ఎత్తు పెంచారు. ఆ చలికాలంలో రికార్డు స్థాయిలో మంచు కురిసి, 2023 వేసవి నాటికి నీరు పెరిగి, ఉప్పు దిగి, తీరం వెంట ఈగల నల్లని పట్టీ మళ్లీ కనిపించింది. మునిగిన తెల్లని దిబ్బల మీదికి పక్కనున్న నీటి నుంచి సయనోబ్యాక్టీరియా వచ్చి చేరుతూ, తిరిగి పొర అల్లడం మొదలుపెట్టాయి.