ముందొచ్చినవాళ్లకు ఎంత ముట్టాలి?

మిత్రులారా, క్రిప్టో ప్రాజెక్టుల్లో ముందుగా చేరినవాళ్లకు ఎక్కువ దక్కడం న్యాయమేనా అన్నప్పుడు నేను ఒకటే చూస్తాను. ఆ ప్రాజెక్టు మునిగిపోయి ఉంటే వాళ్లకు ఏం పోయేది?

బిట్‌కాయిన్ 2009 జనవరిలో మొదలైంది. అప్పట్లో ఒక్కో బ్లాకు (లావాదేవీల కట్ట) నమోదు చేసినవాళ్లకు 50 కొత్త కాయిన్లు దక్కేవి. సుమారు నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతూ 2024 ఏప్రిల్ నాటికి 3.125కు దిగింది. మొత్తం 2.1 కోట్లలో సగం మొదటి నాలుగేళ్లలోనే పుట్టేశాయి. ఈ లెక్క వింటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ తొలినాళ్లలో వాటిని కొనేవాళ్లే లేరు. 2010 మేలో రెండు పిజ్జాలకు 10,000 కాయిన్లు ఇచ్చారంటే చూడండి. నియమం ముందే అందరికీ తెలిసేలా ఉంది. ఆ సంగతి చెవిన పడినవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. అందుకే దాన్ని పూర్తి న్యాయం అనలేను, మోసం అని అసలే అనను.

నాకు బాగా నచ్చింది 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే క్రిప్టో మార్పిడి వేదిక చేసిన పని. సెప్టెంబరు 1కి ముందు ఒక్కసారైనా దాన్ని వాడిన ప్రతి వాలెట్‌కూ (క్రిప్టో ఖాతాకూ) తన సొంత కాయిన్లు, అంటే టోకెన్లు, 400 ఉచితంగా ఇచ్చింది. వాటి విలువ కొద్ది రోజుల్లోనే వెయ్యి డాలర్లు దాటింది. లావాదేవీ ఫెయిలైనవాళ్లకూ ఇచ్చారు! యూనిస్వాప్ అప్పట్లో నడిచిన ఇథీరియం నెట్‌వర్క్‌లో లావాదేవీ ఫెయిలైనా దానికి కట్టిన రుసుము (గ్యాస్ ఫీజు) తిరిగి రాదు. అంటే వాళ్లూ ఎంతో కొంత పోగొట్టుకున్నవాళ్లే. పైగా సెప్టెంబరు 1 గడువు దాటాకే ప్రకటించారు కాబట్టి దొంగ వాలెట్లు తెరిచే వీల్లేకపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రాజెక్టుల్లో ఇది చెల్లలేదు. ఎయిర్‌డ్రాప్ (ఇలా ఉచితంగా పంచే టోకెన్లు) వస్తుందన్న ఆశతో ఒక్కరే పదుల కొద్దీ వాలెట్లు తెరిచారు. వాలెట్లను లెక్కపెడితే మనుషులను లెక్కపెట్టినట్టు కాదు కదా.

అదే యూనిస్వాప్‌లో 100 కోట్ల టోకెన్లలో ఇంచుమించు 21 శాతం టీమ్‌కు, 18 శాతం ఇన్వెస్టర్లకు కేటాయించారు, నాలుగేళ్లలో విడతలుగా. టీమ్ కష్టపడింది, సరే. ఇన్వెస్టర్లు డబ్బు పెట్టి రిస్కు తీసుకున్నారు, అదీ సరే. కానీ వాళ్లకు దొరికిన ధర బయటివాళ్లకు దొరకదు. అందుకే వాళ్లు అమ్మకుండా కొంతకాలం ఆగాలి. చవగ్గా కొన్న టోకెన్లు ఎక్స్‌ఛేంజీలో అమ్మకానికి వచ్చిన (లిస్టయిన) రోజే కొత్తగా వచ్చినవాళ్ల నెత్తిన కుమ్మరించే ప్రాజెక్టులంటే నాకు కోపం. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. ఒక కాయిన్‌లో నష్టాన్ని మరోదాని లాభంలోంచి తీసేసుకునే వీలూ లేదు. కాబట్టి ఆఖర్న కొన్నవాళ్లకు దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఎక్స్‌ఛేంజీలను నేను కోరేది ఇదే: ఎవరి వాటా ఎంత, అది ఏ తేదీన అన్‌లాక్ అవుతుంది (అమ్ముకునే వీలొస్తుంది) అన్నది కొనే బటన్ పక్కనే, తెలుగులోనూ చూపించండి.