సార్ అడిగితే కాదంటామా?

అందరికీ నమస్కారం. విద్యార్థులు, ఆఫీసు సిబ్బంది, అధ్యాపకులు ఒకే హాల్లో కూర్చోవడం యూనివర్సిటీల్లో అరుదు. ఇవాళ్టి సంగతికి మాత్రం ముగ్గురూ ఉండాల్సిందే.

సైబర్ నేరగాడు అనగానే పాస్‌వర్డులు బద్దలుకొట్టే మహా మేధావి గుర్తొస్తాడు. యూనివర్సిటీ మీద కన్నేసినవాడికి అంత తెలివి అక్కర్లేదు. మన వెబ్‌సైట్ తెరిస్తే చాలు, వీసీ గారి ఫోటో, డీన్ల పేర్లు, శాఖలవారీగా అందరి ఈమెయిళ్లు అక్కడే ఉంటాయి. ఎవరు చెబితే ఎవరు వింటారో కూడా ఆ పేజీయే చెప్పేస్తుంది.

ఉదయం పదిన్నరకు సెక్షన్‌లో ఒకరికి మెయిల్ వస్తుంది. పంపినవారి చోట వీసీ గారి పేరు. లోపల ఒకటే ముక్క: "ఆఫీసులో ఉన్నారా? మీ వాట్సాప్ నంబర్ పంపండి." పంపగానే వీసీ గారి ఫోటో ఉన్న కొత్త నంబర్ నుంచి మెసేజ్: "మీటింగులో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను. అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కావాలి. కొని కోడ్‌లు పంపండి, సాయంత్రం డబ్బు ఇచ్చేస్తాను." గిఫ్ట్ కార్డులే ఎందుకంటే, కోడ్ చేతికి చిక్కిన నిమిషాల్లో వాడేసుకోవచ్చు. స్తంభింపజేయడానికి మధ్యలో బ్యాంకు ఖాతా కూడా ఉండదు.

ఫోన్‌లో మెయిల్ చూస్తే పేరు ఒక్కటే కనిపిస్తుంది. దాని మీద నొక్కితే గానీ అసలు చిరునామా బయటపడదు. నొక్కి చూడండి, ఏదో జీమెయిల్ ఉంటుంది. డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ ఈడీయూ డాట్ ఇన్ పేర్లను మన దేశంలో ఎర్నెట్ ఇండియా సంస్థ విద్యా, పరిశోధనా సంస్థలకే ఇస్తుంది కాబట్టి చివర చూడటం పనికొస్తుంది. అయితే మన సహోద్యోగి ఖాతానే ఎవరైనా కాజేస్తే చిరునామా కూడా అసలుదే ఉంటుంది. కాబట్టి చిరునామా బాగుందని నిశ్చింతగా ఉండకండి.

"అనుమానం రాలేదా?" అని అడిగితే ఇలా మోసపోయినవాళ్లు చెప్పే జవాబు నాకు బాగా తెలుసు. "వచ్చింది సార్. కానీ అంత పెద్దాయనకు ఫోన్ చేసి, ఇది మీరేనా అని ఎలా అడుగుతాం?" అదీ అసలు కన్నం. ఏ యాంటీవైరస్సూ దాన్ని పూడ్చలేదు.

అకౌంట్స్ సెక్షన్ వాళ్లకు మరో మాట. "ఈ నెల నుంచి నా జీతం కొత్త ఖాతాలో వేయండి" అని ప్రొఫెసర్ పేరుతో మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కు ఫోన్ చేయకండి. ఆఫీసు రికార్డులో ఉన్న నంబర్‌కు చేయండి. ఆయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. జీతం పోయాక పడే కోపం కంటే అది నయం.

విద్యార్థుల దగ్గర వాడి ఎర వేరు. అక్కడ భయం కంటే ఆశ ఎక్కువ పనిచేస్తుంది. వీడియోలు లైక్ చేస్తే డబ్బులంటూ టెలిగ్రామ్‌లో చేర్చుకుంటారు. మొదట నూటో రెండొందలో నిజంగానే వేస్తారు, తర్వాత మన చేత వేయించుకుంటారు. ఇది చాలామందికి తెలిసిందే. తెలియనిది బ్యాంకు ఖాతా అద్దెకివ్వడం. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే కొన్ని వేలు ఇస్తామని హాస్టళ్ల చుట్టూ తిరిగేవాళ్లుంటారు. ఎవరి దగ్గరో దోచిన డబ్బు ఆ ఖాతాలో పడుతుంది. పోలీసులు ముందు వచ్చేది ఖాతాదారుడి దగ్గరికే. "నాకేం తెలియదు సార్" అంటే కుదరదు. ఉద్యోగం కోసం పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడూ ఆ కేసు వదలదు.

విదేశీ ఉద్యోగాల మాటకొస్తే, 2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మరిచిపోకండి. డేటా ఎంట్రీ పని అని చెప్పి ఏజెంట్లు ఇక్కడి కుర్రాళ్లను పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశం వాళ్లనే ఆన్‌లైన్‌లో మోసం చేయించారు. అంటే ఫోన్‌లో మనల్ని బెదిరించే గొంతు, తప్పించుకునే దారిలేక అక్కడ చిక్కుకుపోయిన మన పక్క కాలనీ కుర్రాడిది కూడా కావచ్చు. ఏజెంటుకు డబ్బు కట్టేముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని పేరు ఉందో లేదో చూడండి.

పాస్‌వర్డుల గురించి ఎక్కువ చెప్పను, విని విని విసిగిపోయుంటారు. మెయిల్‌కు వాడింది ఇంకెక్కడా వాడకండి, పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిచి అలాగే వదిలేసి వస్తుంటారు. ఇప్పుడే ఫోన్ తీసి లింక్డ్ డివైసెస్‌లో చూడండి. మీకు తెలియని కంప్యూటర్ కనిపిస్తే లాగౌట్ కొట్టండి. చలాన్ అనో పెళ్లి శుభలేఖ అనో వచ్చే ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, ఎవరు పంపినా నొక్కకండి. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి, అరెస్ట్ చేశాం, కదలొద్దు అంటారే, ఆ డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు, ఇంట్లో పెద్దవాళ్లకు ఇవాళే చెప్పండి.

ఇంత చెప్పినా రేపు ఎవరో ఒకరం మోసపోతాం. అప్పుడు చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. వెళ్లిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకేలోపు ఆపించే అవకాశం ఉంటుంది కాబట్టి మొదటి గంట చాలా విలువైనది. ఆ గంటే మనవాళ్లు పరువు పోతుందని గమ్మున కూర్చుని పోగొట్టుకుంటారు. 1930కి చెప్పాక బ్యాంకుకూ వెంటనే చెప్పండి. ఓటీపీ మనమే చెప్పి పోగొట్టుకున్నా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే ఆదేశించింది. ఇక ఫోటోలు మార్ఫ్ చేసి బెదిరించేవాడికి ఒక్క రూపాయి కూడా పంపకండి. పంపినకొద్దీ అడుగుతూనే ఉంటాడు. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి, ఇంట్లో చెప్పలేకపోతే కనీసం ఒక మేడమ్‌కైనా చెప్పండి. మేడమ్‌లూ, ఆ అమ్మాయిని "అసలు ఆ ఫోటో ఎందుకు పెట్టావ్" అని అడగకండి.

రిజిస్ట్రార్ గారు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి ఒక మనవి. అధికారులెవరూ మెయిల్‌లో, వాట్సాప్‌లో డబ్బుగానీ, గిఫ్ట్ కార్డులుగానీ, ఓటీపీగానీ అడగరని ఒక సర్క్యులర్ వేయండి. అలా అడిగినట్టు కనిపిస్తే, అటెండరైనా సరే నేరుగా ఆ అధికారికే ఫోన్ చేసి కనుక్కోవచ్చని, చేసినందుకు ఎవరూ ఏమీ అనరని అందులో రాయించండి. వీసీ గారి చేత సంతకం పెట్టించండి. తెలుగులో వేస్తే అందరూ చదువుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.