కష్టాన్ని ఈదిన ఆడవాళ్ల కథలు: ఏ చారిత్రక నవలతో మొదలుపెట్టాలి?

[స్క్రీన్ మీద: టైటిల్]

నమస్తే. యుద్ధం, దేశ విభజన, బానిసత్వం... వీటిలో నలిగిపోయిన ఆడవాళ్ల మీద నవలలకి కొదవ లేదు. చాలావాటిలో ఆ అమ్మాయి పుస్తకం పొడుగునా ఏడుస్తూనే ఉంటుంది, చివర్లో ఎవరో వచ్చి కాపాడతారు. నేను మాత్రం ఒకటే చూస్తాను: అంత జరిగాక మర్నాడు ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? అది రాసిన రచయితని నమ్మొచ్చు.

[పుస్తకం అట్ట]

అందుకే ముందు మిన్ జిన్ లీ 'పచింకో'. 2017లో వచ్చింది. జపాన్ 1910లో కొరియాని కలిపేసుకుంది కదా, ఆ పాలన కింద పెరిగిన పిల్ల సుంజా. బూసాన్ దగ్గరి చిన్న దీవిలో వాళ్లమ్మ పూటకూళ్ల ఇల్లు నడుపుతుంది. పెళ్లయినవాడని తెలియక ఒకణ్ణి నమ్మి సుంజా గర్భవతి అవుతుంది. క్షయతో బాధపడుతున్న ఒక పాస్టర్ ఆమెని పెళ్లాడి జపాన్‌లోని ఒసాకా తీసుకెళ్తాడు. కొన్నేళ్లకి పోలీసులు ఆయన్ని పట్టుకుపోతారు.

ఇక్కడే నవల ఊపందుకుంటుంది. సుంజా బండి మీద కిమ్చీ, అంటే కొరియా వాళ్ల ఊరగాయ, జాడీ పెట్టుకుని బజారుకి వెళ్తుంది. ఆ వాసన పడక ఎవరూ పక్కన నిలబడనివ్వరు. చివరికి రైల్వే స్టేషన్ దగ్గర ఆగి, సిగ్గు చంపుకుని కేకేసి అమ్ముతుంది. అంతకుముందు బావగారి అప్పు తీర్చడానికి తన దగ్గరున్న గడియారం అమ్మేసినప్పుడు, ఆడవాళ్లు తన అప్పు తీర్చారని ఆయనకి వచ్చిన కోపం చూడాలి! కృతజ్ఞత సంగతి దేవుడెరుగు.

[1947 నాటి పంజాబ్ మ్యాప్]

అమృతా ప్రీతమ్ 'పింజర్' చిన్న నవల, ఒక్క బిగిన అయిపోతుంది. పాత కుటుంబ పగతో పూరోని ఎత్తుకుపోతారు. ఆమె తప్పించుకుని రాత్రివేళ ఇంటికొస్తే, కన్నవాళ్లే వెనక్కి పంపేస్తారు. తర్వాత పెళ్లి, కొత్త పేరు. ఆ పేరుని చేతి మీద పచ్చబొట్టు పొడిపిస్తారు. విభజన రోజుల్లో ఆమె ఏం చేసిందో నేను చెప్పను, చదవండి.

ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే లోయిస్ లౌరీ 'నంబర్ ద స్టార్స్' ఇవ్వండి. 1943, నాజీల చేతిలో ఉన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్. ఆనమారీ అనే పిల్ల ఇంట్లోవాళ్లు, ఆమె యూదు స్నేహితురాలు ఎలెన్‌ని తమ పిల్లగా దాచుకుంటారు. అర్ధరాత్రి నాజీ సైనికులు వస్తారు. ఎలెన్ మెడలో యూదుల గుర్తయిన ఆరు కోణాల నక్షత్రం గొలుసు, ఎంతకీ ఊడదు. ఆనమారీ దాన్ని ఫట్‌మని తెంపి పిడికిట్లో బిగించేస్తుంది. వాళ్లు వెళ్లాక చూస్తే అరచేతిలో నక్షత్రం అచ్చు.

టోనీ మోరిసన్ 'బిలవ్డ్' మాత్రం మొదటి పుస్తకంగా వద్దు. అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయిన తల్లి, దొరికిపోతానన్న క్షణంలో బిడ్డ విషయంలో చేసిన పని చుట్టూ తిరిగే కథ. 1856లో నిజంగా జరిగిన ఘటన దీనికి మూలం. కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంటుంది, తొలి పేజీల్లో అయోమయంగానే ఉంటుంది. టెన్షన్ పడకుండా యాభై పేజీలు ఓపిక పట్టండి. రాత్రి పడుకునే ముందు మాత్రం చదవకండి.