కాస్ట్ వేస్తే వార్నింగ్ పోతుంది, అడ్రస్ మారదు

అందరికీ నమస్కారం. ఇవాళ సీ భాషలో పాయింటర్ కాస్ట్ గురించి మాట్లాడుకుందాం. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి అడ్రస్, కాస్ట్ అంటే దాన్ని వేరే రకంగా చూడమని కంపైలర్‌కి చెప్పడం.

సీరియల్ పోర్టు మీంచి 5 బైట్ల ప్యాకెట్ వస్తోందనుకోండి. మొదటి బైటు అది ఏ రకం సందేశమో చెబుతుంది, మిగతా 4 బైట్లు సెన్సర్ రీడింగు. మనలో చాలామంది ఏం రాస్తాం? ఫంక్షన్‌కి వచ్చిన బఫర్‌కి ఒకటి కలిపి, 32 బిట్ల ఇంటిజర్ పాయింటర్‌గా కాస్ట్ చేసి, ముందొక స్టార్ పెట్టి చదివేస్తాం. ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. జీసీసీ కంపైలర్‌కి వాల్, ఎక్స్‌ట్రా అనే వార్నింగ్ ఫ్లాగులు రెండూ ఇచ్చినా ఒక్క వార్నింగ్ రాదు.

అదే కోడ్‌ని కార్టెక్స్ ఎం0 అనే చిన్న ప్రాసెసర్ ఉన్న బోర్డులోకి ఎక్కించండి. బఫర్ మొదలు 4తో భాగించబడే అడ్రస్ అయితే, దాని పక్క బైటు కాదు కదా! అలాంటి చోటు నుంచి 4 బైట్లు ఒకేసారి చదవడం ఆ చిప్‌కి రాదు. హార్డ్‌ఫాల్ట్, అంటే ప్రోగ్రాం అక్కడే పడిపోతుంది. అదే కుటుంబంలోని ఎం3, ఎం4 ఒంటి లోడ్ (మెమరీ నుంచి ఒకసారి చదవడం) వరకు సర్దుకుపోతాయి. కంపైలర్ పక్కపక్కనున్న రెండు లోడ్లను కలిపి ఎల్‌డీఆర్‌డీ అనే జంట లోడ్‌గా మార్చిందా, అవీ పడిపోతాయి. ఇలాంటి ఫాల్ట్ ఒకటి ఆప్టిమైజేషన్ పెంచాకే బయటపడితే, నేను పవర్ సప్లైని అనుమానిస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను.

మరి కంపైలర్ ఎందుకు చెప్పలేదు? దీనికి కాస్ట్-అలైన్ అనే వార్నింగ్ ఉంది. కానీ అది వాల్‌లోనూ ఎక్స్‌ట్రాలోనూ లేదు, విడిగా అడగాలి. అడిగినా ల్యాప్‌టాప్‌లో ఉండే ఎక్స్86కి కంపైల్ చేస్తుంటే జీసీసీ నోరు విప్పదు, ఆ ప్రాసెసర్‌కి అలైన్‌మెంట్ (అడ్రస్ 4 లాంటి సంఖ్యతో భాగించబడటం) పట్టింపు లేదు కాబట్టి. టార్గెట్ ఏదైనా చెప్పి తీరాలంటే 2018లో వచ్చిన జీసీసీ 8 నుంచి ఇదే ఫ్లాగుకి స్ట్రిక్ట్ అనే రూపం ఉంది. ఫర్మ్‌వేర్ కోడ్‌కి ల్యాప్‌టాప్‌లో యూనిట్ టెస్టులు నడిపే ప్రతి టీమూ దాన్ని పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. సీ ప్రమాణం ప్రకారం చదివే దాకా కూడా అక్కర్లేదు, అలైన్ కాని అడ్రస్‌ని అలా కాస్ట్ చేయడమే అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరుగుతుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు.

వార్నింగ్ కనబడగానే కొందరు మధ్యలో వాయిడ్ స్టార్ (ఏ రకమో చెప్పని పాయింటర్) కాస్ట్ దూర్చేస్తారు. వార్నింగ్ మాయం, అడ్రస్ మాత్రం అక్కడే. దయచేసి ఆ పని చేయకండి. రివ్యూలో అలాంటి జంట కాస్ట్ కనబడితే నేను ఒకటే అడుగుతాను: ఈ బఫర్ ఎక్కడ మొదలవుతుందో మీకెలా తెలుసు? సరైన జవాబుంటే దాన్ని కామెంట్‌లో రాయిస్తాను.

స్ట్రిక్ట్ ఏలియాసింగ్, అంటే ఒకే మెమరీని వేరే రకం పాయింటర్‌తో చదవకూడదనే నియమం, ఇంకో పెద్ద కథ. లినక్స్ కెర్నల్ దాన్ని ఏకంగా ఆపేసుకుని కంపైల్ అవుతుంది. ఇవాళ దాని జోలికి వెళ్లను.

మందు పాతదే, బైట్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్. 4 బైట్లకు ఫంక్షన్ కాల్ ఎందుకని బెంగపడకండి, ఆప్టిమైజేషన్ ఉంటే ఎక్స్86లో అది ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్ అయిపోతుంది. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌కైతే నేను ఒక్కో బైటునీ షిఫ్ట్ చేసి కలుపుతాను, ఎండియన్ గొడవ (బైట్లు ఏ వరసలో ఉంటాయన్నది) కూడా అందులోనే తీరిపోతుంది. 24 బిట్లు జరిపే బైటుని మాత్రం ముందుగా 32 బిట్ల అన్‌సైన్డ్‌గా కాస్ట్ చేయాలి. లేకపోతే అది సైన్డ్ ఇంట్ అయిపోయి, పై బిట్ దగ్గర మళ్లీ అన్‌డిఫైన్డ్‌లో పడతాం. ఈ కాస్ట్ పాయింటర్‌కి కాదు, విలువకి. ఇప్పుడు కాస్ట్, మెమ్‌కాపీ, షిఫ్ట్, ఈ మూడు రకాల అసెంబ్లీనీ తెర మీద పక్కపక్కన చూద్దాం.